బోర్డు మార్చుడు

అక్షరానికి పన్నెండు రూపాయలు నా రేటు.
ఒత్తుకు వేరే తీసుకోను.
చెరిపేదానికి ఎంత అడగాల్నో
ముప్పై ఏండ్ల పనిల ఎవ్వలూ నేర్పలే.

తుమ్మలగూడెం స్టేజీ కాడ
ఎరువుల దుకాణం పక్కపొంటి రేకుల గది.
గోడ మీది ఈ బోర్డు నేను రాసిందే,
చెర్వు అలుగు పారిన ఏడు:
డాక్టర్ కట్టా లింగస్వామి, ఆర్.ఎం.పి.
కుడి మూలకు ఎర్ర ప్లస్సు.
కింద సన్నగ, జాని ఆర్ట్స్, చండూరు.

ఇయ్యాల లింగస్వామి మడత కాయితం తెచ్చి
నా రంగు డబ్బా మీద పరిచిండు.
జీపుల వచ్చినోళ్లు ఇచ్చి పోయిండ్రట.
పేరు ముంగట డాక్టర్ ఉండొద్దు.
ప్లస్సు ఉండొద్దు.
సూది ఎయ్యొద్దు, సెలైన్ ఎక్కియ్యొద్దు,
మంచమేసి పండవెట్టొద్దు.
ప్రథమ చికిత్స కేంద్రం అని రాసుకోవచ్చు.

"ప్రథమ అంటే ఏడిదాంక జానీ?
మొదలైతే ఎరుకే.
ఒడిసేది ఏడనో ఇండ్ల రాయలే."
"ఒడిసిన కాడ్నుంచి
నల్లగొండ నలభై రెండు కిలోమీటర్లు" అన్న.
"ఆఖరి బస్సు ఏడున్నరకు."
నవ్విండు. పండ్ల మీద పచ్చ చారలు.
ఈ నీళ్లు తాగినోళ్లం అందరం గట్లనే నవ్వుతం.

ఉప్పు కాయితంతోని డా మీద మొదలువెట్టిన.
మంచి ఎనామిల్ పోసిన్నప్పుడు,
నా రంగు నాకే లొంగుతలేదు.

గీక్కుంట గీక్కుంట అమ్మ యాదికొచ్చింది.
బోరు నీళ్లకు మోకాళ్లు వంగి
కొడవలోలె నడిచేది.
ఈ గదిల సూది ఏయించుకున్న దినం మాత్రం
నిలవడి జొన్నరొట్టె కొట్టేది.
"లింగన్న చెయ్యి సల్లగుండ" అనేది.
రెండేండ్లకు మొకం ఉబ్బి గుండ్రమయింది,
తోలు ఉల్లిపొర. గోరు తాకితే నెత్తురు.
నల్లగొండ పెద్ద దవఖానల కండ్లద్దాల డాక్టరమ్మ
"ఇన్ని దినాలు ఈ మందు ఎవరిచ్చారు?" అని అడిగితే
యాది లేదన్న.
అమ్మ నా దిక్కు చూసింది.
ఆమె గూడ చెప్పలే.

మా నడిపిదానికి ఫిట్స్ వచ్చిన రాత్రి
సబ్ సెంటరుకు తాళం.
సిస్టర్ బుజ్జిబాయిని అనబుద్ది గాదు,
ఆరు ఊర్లకు ఒక్కతే, ఒక్కటే స్కూటీ.
వందల కాన్పులు చూసిన చెయ్యి,
మందు చీటి రాయాల్నంటే మాత్రం
ఫోన్ల ఎవర్నో అడగాలె, సిగ్నల్ దొరికితే.
లుంగి మీదనే ఉరికొచ్చిండు లింగస్వామి.
పొల్లను పక్కకు మలిపి పండవెట్టి
నురగ తుడిచి, తన బండి తీసిండు.
ఆ రాత్రి సూది ఏసిండా, ఎయ్యలేదా,
నేను చూడలే.
చూడొద్దనే అటు మొకం తిప్పిన్నేమో.
పొల్ల ఇప్పుడు తొమ్మిది చదువుతుంది.

కాయితం రాసినోళ్లది తప్పందామంటే
అమ్మ తోలు కండ్లల్ల మెదులుతది.
ఒప్పందామంటే
నా నోటికెల్లి వస్తలేదు.

తెల్లది ఒక చెయ్యి ఏసిన, ఆరనిచ్చి ఇంకో చెయ్యి.
అయినా ఎండ వాలుగ పడితే
లోపటి డా ఉబ్బి కనవడ్తనే ఉంది.
"మూడోది ఏద్దామా?" అన్న.
లింగస్వామి మాట్లాడలే.
ప్లస్సు దిక్కు చూస్కుంట నిలవడ్డడు.
అది ఆఖరుకు తీస్తనని చెప్పిన.

నీలి రంగు కలిపి సుక్క గీత గీసి
రాసుడు మొదలువెట్టిన.
ప్రథ అయింది. మ కాలే.
అప్పుడే పత్తి చేన్లకెల్లి ఒకామె,
సంకల పిలగాడు, కాలికి కొంగు చింపి చుట్టింది,
చుట్టినకాడ ఎర్రగ.
"డాక్టర్ సాబ్! ఉన్నవా?"

ఆమెకు చదువు రాదు.
వస్తే మాత్రం ఏం చదువుతది, ప్రథ అని?

లింగస్వామి బోర్డును చూసిండు, నన్ను చూసిండు,
లోపటికి పోయిండు.
చెంబు నీళ్ల చప్పుడైంది.

"అమ్మా, గోడకు ఆనకు," అన్న,
"రంగు పచ్చిగుంది."